తప్పిన ప్రమాదము లెక్కకు రాదా?

లారీ నడుపువారి భాషలో ఒక మాట కలదు: "గండము గడిచినది." అర్ధరాత్రి వేళ, వెనుక దీపము లేని చెరకు ట్రాక్టరు ఒకటి హఠాత్తుగా ఎదుట కనబడును. డ్రైవరు ఒంటిలోని బలమంతయు కాలిలోనికి తెచ్చుకొని బ్రేకు త్రొక్కును. టైర్లు కీచుమనును, సరకు ముందునకు ఒరుగును, కునుకుపాట్లు పడుచున్న క్లీనరు అద్దమునకు కొట్టుకొనబోయి నిలదొక్కుకొనును. లారీ మూరెడు దూరమున ఆగును. ఎవరికిని దెబ్బ తగులలేదు. మరునాటి ఉదయము త్రోవలోని గుడి ముందు ఒక కొబ్బరికాయ పగులును. లారీ ముందు వ్రేలాడు నిమ్మకాయయు మిరపకాయలును మారును. అంతటితో ఆ సంగతి ముగిసినది. ట్రాన్సుపోర్టు ఆఫీసులో డీజిలుకు లెక్క కలదు, టైర్లకు లెక్క కలదు, టోలు గేటు రసీదులకును డ్రైవరు బత్తాకును లెక్క కలదు. ఆ రాత్రి మూరెడు దూరమున ఆగిన మృత్యువునకు మాత్రము ఏ పుస్తకమునందును పద్దు లేదు.

కొబ్బరికాయ కొట్టుటను ఆక్షేపింప బనిలేదు. ప్రాణము దక్కినవాడు దైవమునకు దండము పెట్టుకొనుట సహజము. కాని మరునాటి రాత్రి అదే ట్రాక్టరు అదే రోడ్డుమీదికి వచ్చును. ఆ వేళకు ఆ త్రోవన పోవు మరొక లారీ డ్రైవరుకు ముందటి రాత్రి జరిగినదేమో తెలియదు. తెలుపువారు లేరు. మొదటివాని అనుభవము మొదటివానితోనే పోయినది. పెద్ద పెద్ద బస్సు సంస్థలును, సరకు రవాణా సంస్థలును ఆలోచింపవలసిన విషయమంతయు ఈ చిన్న సంగతిలోనే ఇమిడియున్నది.

ప్రమాదములను లెక్కించు పద్ధతి ఈ దేశమున లేకపోలేదు. జాతీయ రహదారులపై "బ్లాక్ స్పాట్" అని పేరు పొందిన స్థలములు కలవు. కేంద్ర రవాణా శాఖ నిర్వచనము ప్రకారము, సుమారు 500 మీటర్ల నిడివిగల రహదారి భాగమున 3 సంవత్సరములలో మరణముగాని తీవ్రగాయముగాని కలిగించిన ప్రమాదములు 5 జరిగినచో, లేదా ఆ 3 సంవత్సరములలో 10 మంది మరణించినచో, ఆ స్థలమునకు ఆ పేరు వచ్చును. పేరు వచ్చిన పిమ్మట ఇంజనీర్లు వచ్చెదరు. మలుపు సరిచేయుదురు, దీపములు నిలుపుదురు, హెచ్చరిక బోర్డులు నాటుదురు. గణితము బోధించు ఉపాధ్యాయు డెవరైనను ఈ నిర్వచనమును ఒక్కమారు నెమ్మదిగా చదివినచో దానిలోని కాఠిన్యము బోధపడగలదు. మరణముల లెక్కనుబట్టి చూచినచో, తొమ్మిదవ మనిషి పోవు వరకు అది సామాన్యమైన రోడ్డే. పదవవాడు తన ప్రాణమిచ్చి దానికి పేరు పెట్టవలెను.

2022వ సంవత్సరమున దేశమున 4,61,312 రోడ్డు ప్రమాదములు జరిగినవనియు, వానిలో 1,68,491 మంది మరణించిరనియు ప్రభుత్వ నివేదిక తెలుపుచున్నది. అనగా రోజుకు 460 మందికి పైగా. ఒక మోస్తరు ఉన్నత పాఠశాలలోని పిల్లలంత మంది. ఇంతటి మూల్యము చెల్లించి సంపాదించిన జ్ఞానమును తృణీకరింపరాదు. అయినను, అంత మూల్యము చెల్లింపకయే అదే జ్ఞానము లభించు మార్గమున్నపుడు దానిని విడుచుట ఏమి వివేకము? ఢీకొనిన వాహనము ఏమి చెప్పునో, ఢీకొనబోయి తప్పించుకొనిన వాహనమును చాలవరకు అదియే చెప్పును. పైగా దానిని చెప్పుటకు బ్రదికియున్న సాక్షి యుండును.

ఈ భావము క్రొత్తది కాదు. అమెరికాలో ఒక భీమా కంపెనీ ఉద్యోగియైన హైన్రిచ్ 1931లో ప్రకటించిన గ్రంథమున, కర్మాగారములలో ఒక పెద్ద ప్రమాదమునకు 29 చిన్న గాయములును, గాయమే లేని సంఘటనలు 300ను ఉండునని వ్రాసినాడు. 1969లో ఫ్రాంక్ బర్డ్ అను నతడు ఆ లెక్కను మార్చి 1, 10, 30, 600 అని నిర్ణయించినాడు. ఈ అంకెలను వేదవాక్యములుగా పరిగణించువారు నేటికిని కలరు. అది పొరపాటు. కర్మాగారమునకును రహదారికిని ఒకే నిష్పత్తి యుండదు. తిన్నని రోడ్డుకును ఘాటు రోడ్డుకును కూడ ఉండదు. పైగా చిన్న సంఘటనలకు కారణములైనవే పెద్ద ప్రమాదములకును కారణము లగుననుటకు నియమము లేదు. అంకెలను ప్రక్కన పెట్టి, ఆ ఆలోచనలోని సారమును మాత్రము గ్రహించుట మేలు: గాయము లేనంత మాత్రమున సంఘటన లేదనరాదు.

విమానయాన చరిత్రలోని ఒక ఉదంతము ఈ సారమును మరచిపోలేని రీతిని నేర్పినది. 1974 డిసెంబరు 1వ తేదీన టి.డబ్ల్యు.ఎ. సంస్థకు చెందిన 514వ నంబరు విమానము వాషింగ్టను నగరమునకు చేరవలసి యుండెను. గాలి తీవ్రముగ నుండుటచే దానిని సమీపమున నున్న డల్లెస్ విమానాశ్రయమునకు మళ్ళించినారు. దిగుటకు అనుమతి వచ్చినది. ఆ అనుమతి వాక్యమును నేలమీది అధికారి ఒక అర్థమున పలికినాడు. విమానము నడుపువారు మరొక అర్థమున గ్రహించినారు. మార్గమధ్యమున కొండ యున్నదని తలపక, 1,800 అడుగుల ఎత్తునకు దిగవచ్చునని భావించినారు. వర్జీనియాలోని మౌంట్ వెదర్ అను కొండను విమానము ఢీకొన్నది. అందున్న 92 మందిలో ఒక్కరును మిగులలేదు.

విచారణలో తేలిన సంగతి ఇంకను బాధాకరమైనది. సుమారు ఆరు వారములకు పూర్వము, యునైటెడ్ అను మరొక సంస్థ విమానము అదే త్రోవన, అదే విధముగా పొరపడి, అదే కొండను తాకబోయి, కొద్దిలో తప్పించుకొన్నది. ఆ విమాన చోదకులు దాచలేదు. తమ సంస్థకు విన్నవించుకొన్నారు. ఆ సంస్థయు నిర్లక్ష్యము చేయలేదు. తన చోదకుల నందరను హెచ్చరించినది. కాని ఆ హెచ్చరిక సంస్థ గోడలు దాటి టి.డబ్ల్యు.ఎ. చోదకుల చెవికి చేరు మార్గము ఆనాడు లేదు. ఒక ఇంటివారికి తెలిసినది పొరుగింటివారికి తెలియలేదు. 92 ప్రాణములు పోయినవి. 1976లో అమెరికా ప్రభుత్వము నెలకొల్పిన విమాన భద్రతా నివేదన పద్ధతి ఈ దుఃఖమునుండి పుట్టినదే. తప్పిన ప్రమాదమును గూర్చి చోదకుడుగాని మరెవరైనగాని వ్రాసి పంపవచ్చును. ఆ పత్రము విమానయాన నియంత్రణాధికారుల చేతికి పోదు. అంతరిక్ష సంస్థయైన నాసాకు పోవును. వారు పేరు తొలగించి, విషయమును మాత్రము లోకమునకు చాటుదురు. బుద్ధిపూర్వకముగా చేసినది కానిచో, పది దినములలోపల నివేదించినవానికి శిక్షనుండి మినహాయింపు కలదు. నాటినుండి లక్షల కొలది నివేదికలు వచ్చినవి. శిక్షించు చేయియు, నేర్చుకొను చెవియు వేరువేరుగా నుండవలెనని గ్రహించుటయే ఆ పద్ధతిలోని గొప్పతనము.

రోడ్లమీది తప్పిన ప్రమాదములను పరిశీలించుట కూడ ఇంచుమించు ఆ కాలముననే మొదలైనది. 1967, 68 సంవత్సరములలో జనరల్ మోటార్సు పరిశోధనశాలకు చెందిన పెర్కిన్స్, హారిస్ అను ఇరువురు నాలుగు రోడ్ల కూడళ్ళలో మనుష్యులను నిలిపి, ఏ వాహనము ఎపుడు తటాలున బ్రేకు వేసినది, ఎపుడు ప్రక్కకు తప్పుకొన్నది అని వ్రాయించిరి. వెనుకనుండి చూచిన బ్రేకు దీపము వెలుగుట తెలియును గదా! పనిముట్లు ఒక పుస్తకము, ఒక పెన్సిలు. 1972లో హేవార్డ్ అను పరిశోధకుడు ఈ పరిశీలనకు ఒక కొలమానము సమకూర్చినాడు. రెండు వాహనములు తమ తమ వేగములను, దిశలను మార్చుకొననిచో, ఎన్ని సెకనులలో ఢీకొనును? ఈ ప్రశ్నకు వచ్చు జవాబే ఆ కొలమానము.

ఎనిమిదవ తరగతి విద్యార్థి చేయగల లెక్క ఇది. లారీ గంటకు 72 కిలోమీటర్ల వేగమున, అనగా సెకనుకు 20 మీటర్ల చొప్పున పోవుచున్నది. ముందు పోవు ట్రాక్టరు వేగము గంటకు 18 కిలోమీటర్లు, అనగా సెకనుకు 5 మీటర్లు. నడుమ దూరము 45 మీటర్లు. లారీ ట్రాక్టరును సెకనుకు 15 మీటర్ల చొప్పున సమీపించుచున్నది గనుక, మిగిలియున్న కాలము 3 సెకనులు. కంటబడిన దానిని మనసు గ్రహించి, కాలు బ్రేకు పైకి పోవుటకు ఒక సెకను గడచును. మిగిలినవి రెండు. స్వీడను దేశపు లుండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పట్టణ వీధులకు తొలుత ఒకటిన్నర సెకనును గీటుగా పెట్టుకొని, అంతకు తక్కువ వ్యవధిలో తప్పించుకొనిన సంఘటనలను తీవ్రమైనవిగా లెక్కించిరి. గండమునకు సెకనులలో కొలత ఏర్పడినది.

కూడలివద్ద మనిషి నిలిచి ఎంత చూచినను ఆ ఒక్క కూడలియే కనబడును. రోడ్డు పొడవునను చూడవలెననిన, చూచు కన్ను వాహనముతో కూడ ప్రయాణము చేయవలెను. ఇక్కడనే బస్సు, లారీ సంస్థల ప్రాముఖ్యము కానవచ్చుచున్నది. సొంత కారుగలవాడు ఒక మలుపు మీదుగా ఏడాదికి రెండుమార్లు పోవును. అక్కడ అతడు ఉలికిపడినను తన పొరపాటే యనుకొని ఊరకుండును. డిపోలోని బస్సులు ఆ మలుపుమీదుగా రోజుకు ఎన్నో మార్లు, వేరువేరు డ్రైవర్ల చేతులలో, పగలును రాత్రియు, ఎండయందును వానయందును పోవును. ఒక్కచోటనే పది మంది డ్రైవర్లు తటాలున బ్రేకు వేసిరన్నచో, తప్పు పది మందిదియా, మలుపుదియా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పగల సామర్థ్యము అనేక వాహనములు నడుపు సంస్థకే కలదు. సామర్థ్యమున్నచోట బాధ్యతయు ఉండవలెను.

నేడు ఈ పనికి యంత్రములు వచ్చియున్నవి. వానిలో ముఖ్యమైనది త్వరణమాపకము. వేగములోని మార్పును కొలుచు ఈ చిన్న పరికరము నేడు ప్రతివాని చేతిలోని ఫోనులోను ఉన్నది. వాహనము హఠాత్తుగా ఆగినను, ప్రక్కకు త్రిప్పినను, దేనికైన తగిలినను అది తెలుపును. భూమ్యాకర్షణ త్వరణములో ఇంత భాగమునకు మించి వేగము తగ్గినచో గుర్తింపుమని సంస్థలు దానికొక హద్దు పెట్టుచుండును. వినుటకు ఇది సులువుగా తోచును. ఆచరణమున చిక్కులు పుట్టుచున్నవి. పల్లెటూరి స్పీడు బ్రేకరు మీద బస్సు ఎగిరిపడినను పరికరము కేక వేయును. గుంతలో చక్రము పడినను వేయును. ఖాళీ లారీకి సరిపోయిన హద్దు ఇరువది టన్నుల బరువు గల లారీకి సరిపోదు. అందుచేత పరికరము పలికిన ప్రతిసారి వీడియో చూచి, నిజమో కాదో తేల్చు మనిషి అవసరమగుచున్నాడు. వర్జీనియాలో 100 కార్లకు పరికరములు అమర్చి, సుమారు 20 లక్షల మైళ్ళ ప్రయాణమును పరిశీలించి 2006లో వెలువరించిన నివేదికలో ఈ పద్ధతినే అనుసరించిరి. వారికి పూర్తి వివరములతో లభించిన ఢీలు 69. త్రుటిలో తప్పినవి 761. ఆ ఢీలలో పెక్కు పోలీసు రికార్డులకు ఎక్కనే లేదు. అవి సొంత కార్లే యైనను, కాగితములమీది ప్రమాదములకును రోడ్డుమీది ప్రమాదములకును గల అంతరము అందువలన తెలియుచున్నది.

త్వరణమాపకమునకు ఇంతకన్న గంభీరమైన లోపము ఒకటి కలదు. దానిని గూర్చి అమ్మకపు ప్రకటనలలో కనబడదు గాని, భౌతికశాస్త్ర పాఠములో కనబడును. 25 టన్నుల బరువు గల లారీ సెకనుకు 10 మీటర్ల వేగమున, అనగా గంటకు 36 కిలోమీటర్ల వేగమున పోవుచున్నదనుకొందురు గాక. ఎదుట సైకిలుతో నిలిచియున్న మనిషి. అతడును సైకిలును కలిసి 100 కిలోలు. లారీ అతనిని ఢీకొన్నది. ద్రవ్యవేగ నిత్యత్వ నియమము ప్రకారము లారీ వేగము ఎంత తగ్గును? సెకనుకు 4 సెంటీమీటర్లు. పది మీటర్లలో నాలుగు సెంటీమీటర్లు! ఈ మార్పు సెకనులో పదవవంతు కాలమున జరిగినదనుకొన్నను, బస్సు స్టాపులో ప్రయాణికులు తూలకుండ వేయు మెత్తని బ్రేకులో సగము పాటియైన కుదుపు లేదు. ఒక మనిషి ప్రాణము పోయినది. లారీలోని పరికరము దానిని గుంతలో పడిన చక్రముకన్న తక్కువగా భావించినది. అదే లారీ మరొక లారీని ఢీకొన్నచో పరికరము ఘోషించును. వాహనము లోపల అమర్చిన కొలమానము వాహనమునకు కలిగిన బాధనే కొలుచును. సైకిలుమీద పాలు పోయువానికి, రోడ్డు దాటు బడిపిల్లవానికి, చెప్పులు చేతబట్టుకొని నడచు ముసలమ్మకు కలిగిన బాధ దానికి అందదు. ఢీలను కనిపెట్టు యంత్రమును కొన్నాము, ఇక నిశ్చింత అని కూర్చుండు సంస్థ ఈ చిన్న లెక్క చేసి చూచుకొనుట మంచిది.

కనుకనే ఎదుటి దృశ్యమును చూచు కెమెరా, దూరమును కొలుచు రాడారు అవసరమైనవి. ఎదుటనున్నది మనిషియా, ఎద్దా, ఆటోయా అని కెమెరా గుర్తించి, దూరమును వేగమును లెక్కించి, సెకనులు తరిగిపోవుచున్నవని డ్రైవరును హెచ్చరించును. అయితే యంత్రమునకు కూడ బడి కావలెను. అది చూచిన చిత్రములే దాని పాఠపుస్తకము. విదేశపు వీధులలో గీతల నడుమ క్రమముగా పోవు కార్లను చూచి నేర్చుకొనిన యంత్రము, సగము రోడ్డుపై వడ్లు ఆరబోసిన పల్లెను, ఎదురు దిశలో వచ్చు మోటారు సైకిలును, గొఱ్ఱెల మందను చూచి తికమక పడుట సహజము. హైదరాబాదులోని అంతర్జాతీయ సమాచార సాంకేతిక విద్యాసంస్థ పరిశోధకులు 2018లో ఇతర పరిశోధకులతో కలిసి భారతదేశపు రోడ్ల చిత్రములు పదివేలకు పైగా సేకరించి, ప్రతి చిత్రములోని వస్తువులను గుర్తించి వెలువరించుట ఈ లోటు తీర్చుటకే. హైదరాబాదు, బెంగుళూరు పరిసరముల రోడ్లే ఆ చిత్రములలో నున్నవి. ఆటోరిక్షాకు అందులో ప్రత్యేక స్థానము లభించినది. లభింపక తప్పదు గదా!

ఆ సంస్థయే మరికొన్ని సంస్థలతో కలిసి 2021లో నాగపూరు నగరపు బస్సులకు ఇట్టి హెచ్చరిక యంత్రములు అమర్చు కార్యక్రమమును ఆరంభించినది. తరువాత తెలంగాణ రోడ్డు రవాణా సంస్థ బస్సులలో కొన్నింటికిని విస్తరింపజేసినది. ఆ కార్యక్రమములో అన్నిటికన్న గమనింపదగినది ఒక పదము. బ్లాక్ స్పాట్ కాకపూర్వమే, హెచ్చరికలు తరచుగా మ్రోగుచున్న స్థలములను వారు "గ్రే స్పాట్" లని పిలుచుచున్నారు. నల్లబడక ముందటి బూడిదరంగు స్థలము. పదిమంది మరణమునకై వేచియుండక రోడ్డును సరిచేయుటకు అవకాశమిచ్చు పదమిది.

నిజముగా ఢీకొనినపుడు వెంటనే కనిపెట్టుటవలన గల లాభము వేరు. అది చికిత్సకు సంబంధించినది. ఐరోపా సమాఖ్యలో 2018 మార్చి 31 తరువాత ఆమోదము పొందు క్రొత్త రకపు కార్లన్నియు తీవ్రముగా ఢీకొన్నచో తమంత తామే 112 నంబరుకు వార్త పంపవలెనను నియమము వచ్చినది. ఈ దేశమున 2019 నాటి మోటారు వాహనముల సవరణ చట్టము గాయపడిన తరువాతి తొలి గంటను ప్రత్యేకముగా నిర్వచించినది. ఆ గంటలో ప్రతి నిమిషమును విలువైనదే గనుక ఈ లాభమును గూర్చి వాదము అనవసరము.

వాదమంతయు తప్పిన ప్రమాదముల విషయమున, డ్రైవరు విషయమున కలదు. యంత్రము ఎవరికై పనిచేయుచున్నది? డ్రైవరుకై యా, డ్రైవరుపై యా? అద్దముపై అమర్చిన కెమెరాను చూచి డ్రైవరు మొదట తలపోయునది తన ప్రాణరక్షణను గూర్చి కాదు. నెలాఖరు జీతములోని కోతను గూర్చి. తటాలున బ్రేకు వేసిన ప్రతిసారి ఒక మార్కు తగ్గింతుమని సంస్థ శాసించినదనుకొందురు గాక. చేతిబంతి వెంట పరుగెత్తి వచ్చిన పిల్లవానిని చూచి బలముగ బ్రేకు వేసిన డ్రైవరుకు మార్కు తగ్గును. బ్రేకు వేయుటకు అరక్షణము తటపటాయించినవానికి, అదృష్టవశమున పిల్లవాడు తప్పుకొన్నచో, మార్కు నిలుచును! ప్రాణము కాపాడిన చర్యనే నేరముగా లెక్కించు పద్ధతికన్న పద్ధతి లేకుండుటయే మేలు. బలమైన బ్రేకు ఒక ప్రశ్న మాత్రమే. ఆ క్షణమున ఎదుట ఏమున్నది, ముందటి పది సెకనులలో ఏమి జరిగినది అని చూచిన పిమ్మట గాని దానికి జవాబు దొరకదు.

శిక్షాభయము ముదిరినచోట యంత్రము గ్రుడ్డిదగును. కెమెరాకు గుడ్డ అడ్డుపడును, తీగ ఊడిపోవును, వీడియో చెడిపోవును. పరీక్షలో తప్పు చేసినవానిని బెత్తముతో కొట్టు తరగతిలో సందేహము అడుగు విద్యార్థి ఉండడని ఉపాధ్యాయులకు వేరుగా చెప్పనక్కరలేదు. అమెరికాలో వృత్తిరక్షణ ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2017లో ప్రకటించిన అధ్యయనము ఇచ్చట ప్రస్తావింపదగినది. వాణిజ్య వాహనములలో కొన్నిట యంత్రము పసిగట్టిన వెంటనే హెచ్చరిక దీపము మాత్రము వెలుగునట్లు చేసిరి. మరికొన్నిట దీపముతోపాటు, పై అధికారి డ్రైవరును ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఆ వీడియో చూపి, ఏమి జరిగినదో కలిసి మాటలాడునట్లు ఏర్పాటు చేసిరి. దీపము మాత్రమే వెలిగిన వాహనములలో, ఏమియు చేయని వాహనములతో పోల్చినచో, చెప్పుకోదగిన మార్పు కానరాలేదు. మనిషి మాటలాడినచోట ప్రమాదకరమైన నడక గణనీయముగా తగ్గినది. యంత్రము కనుగొనును, నేర్పునది మనిషియే.

మాటలాడునపుడు అధికారి వినవలసినదియు కొంత కలదు. తెల్లవారుజామున మూడు గంటలకు, నాలుగు గంటలకు తప్పిన ప్రమాదములు గుంపుగా కనబడినచో, అవి డ్రైవరు కన్నులను గూర్చి మాత్రమే చెప్పుచున్నవా? ఆ డ్రైవరును వరుసగా రెండవ రాత్రి ఎక్కించినవాని కలమును గూర్చియు చెప్పుచున్నవి. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము రోజుకు 8 గంటలు, వారమునకు 48 గంటలు మించరాదని సామాన్య నియమము విధించినది. లారీ రంగములో ఆ నియమమునకు పట్టిన గతి రాత్రివేళ హోటళ్ళ ముందు టీ త్రాగుచు నిలబడినవారిని అడిగిన తెలియును. ఏ సరకు ఏ వేళకు చేరవలెనని గడువు పెట్టిన వ్యాపారియు, ఆలస్యమైనచో అద్దె కోయు కంపెనీయు ఆ వీడియోలో కనబడరు. తప్పిన ప్రమాదముల పుస్తకమును పైనుండి క్రిందికి మాత్రమే చదువు సంస్థ సగమే చదివినది. క్రిందినుండి పైకి చదివిననే యజమాని పేరును, పని వేళలు వ్రాసిన గుమాస్తా పేరును కనబడును.

ఇక పంచుకొను విషయము. ఒక సంస్థ బస్సులు కనుగొనిన చెడ్డ మలుపు ఆ సంస్థ సొత్తు కాదు. కాని ఇట్టి యంత్రములను అమ్ము కంపెనీలు సమాచారమును సరకుగా చూచుచున్నవి. రవాణా సంస్థలు తమ లోపములు బయటపడునని జంకుచున్నవి. ఇది 1974 నాటి రెండు విమాన సంస్థల స్థితియే. ఒక్కరికి తెలిసినది అందరకు తెలియు మార్గము వేయుట ప్రభుత్వపు పని. డ్రైవరు పేరు, వాహనపు నంబరు తొలగించి, స్థలము, వేళ, వేగము, ఎదుట నున్న వస్తువు - ఈ నాలుగు మాత్రము ప్రతి పెద్ద సంస్థయు ఒకచోటికి పంపవలెనని నియమింపవచ్చును. అట్లు పంపిన దానిని ఆధారము చేసికొని ఎవరిని శిక్షింపరాదని కూడ నియమింపవలెను. రెండవ నియమము లేనిచో మొదటిది కాగితము మీదనే యుండును. బ్లాక్ స్పాట్ నిర్వచనమున మరణముల లెక్క ప్రక్కనే, తప్పిన ప్రమాదముల లెక్కకును ఒక పంక్తి చేర్చుట చట్టము చేయువారికి ఒక పూట పని.

అంతవరకు చేతులు ముడుచుకొని కూర్చుండ నక్కరలేదు. పెర్కిన్స్, హారిస్‌ల పుస్తకమును పెన్సిలును ఏ పాఠశాలకైనను అందుబాటులోనే యున్నవి. రోడ్డు ప్రక్కనున్న పాఠశాలలో, ఆవరణ లోపలనుండియో మేడమీది కిటికీ నుండియో, ఉపాధ్యాయుని పర్యవేక్షణమున పెద్ద తరగతి విద్యార్థులు నలుగురు, బడి విడుచు వేళ ఒక గంటసేపు వారము దినములు పరిశీలింపవచ్చును. తటాలున బ్రేకు వేసిన వాహనము లెన్ని, ప్రక్కకు త్రిప్పుకొన్నవి ఎన్ని, వెనుకకు గంతువేసిన పాదచారులు ఎందరు, ఏ చోట, ఏ నిమిషమున అని గీతలు గీసిన చాలును. గణితపు గంటలో ఆ గీతలు పట్టిక యగును. భౌతికశాస్త్రపు గంటలో ఆగు దూరము లెక్కకు వచ్చును. వాహనముల నంబర్లు వ్రాయనక్కరలేదు. ఆ పట్టికకు మూడు ప్రతులు తీసి, పంచాయతీ కార్యాలయమునకు ఒకటి, రోడ్లు భవనముల శాఖ ఇంజనీరుకు ఒకటి, ఆ మార్గమున బస్సులు నడుపు డిపో మేనేజరుకు ఒకటి పంపవచ్చును.